చేను ముందా, చెట్టు ముందా

మా రేంజి మొత్తంలో టేకు మొద్దు మీద వలయాలు లెక్కపెట్టడంలో నన్ను మించినవాడు లేడని ఒక పేరుండేది. ఆ పేరు ఎవరు పెట్టారని అడగకండి. నేనే పెట్టుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణకు పంపితే, అక్కడ నేర్పిన సవాలక్ష విద్యల్లో నాకు అంటుకున్నది ఇదొక్కటే. మొద్దు ముఖాన్ని ఉలితో చదును చేయాలి, సుద్దముక్కతో రుద్దాలి, పైపైన తుడవాలి. ఏటా వానలు మొదలుకాగానే టేకు కొత్త కలపను పెద్ద పెద్ద రంధ్రాలతో మొదలుపెడుతుంది. సుద్ద ఆ రంధ్రాల్లో చేరి తెల్లటి గీతలుగా నిలబడుతుంది. గీతకు ఒక ఏడు. దీనికి తెలివి అక్కర్లేదు, సుద్దముక్క ఉంటే చాలు. అందుకే నాకు బాగా కుదిరింది.

మా నాన్న మణుగూరులో భూమి కిందికి దిగి బొగ్గు తవ్వినవాడు. నేను అడవి శాఖలో బీటు ఆఫీసరునైతే కాలనీ అంతా తిరిగి చెప్పుకున్నాడు. "మావోడు చెట్లను కాపాడే నౌకరీ జేస్తుండు. కుర్సీ గూడ ఉంటదట." కుర్సీ ఇప్పటికీ ఉంది. చెట్ల సంగతే కొంచెం అటూఇటూ అయింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ సుద్దముక్క విద్యతో నేను ఒక ముసలమ్మ బతుకును దాదాపు కందకంలో కలిపేశాను. అది చెప్పడానికి ముందు నా గొప్పతనం మీకు తెలియాలి కదా.

రెండేళ్ల కిందట ఎండాకాలం చివర, టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో గాలిదుమారానికి ఒక టేకు చెట్టు కూలింది. కూలింది అడవిలో కాదు, ఒక కోయ అవ్వ పోడు చేను నడుమ. నాలుగెకరాల పత్తి చేను. చెట్టుకు ఆనించి మంచె కట్టి ఉండేది. అడవిపందులను తరమడానికి ఆమె పంటకాలమంతా ఆ మంచె మీదే గడిపేది. మూడు కాళ్లు పాతిన కర్రలు, నాలుగో కాలు ప్రాణమున్న టేకు. గాలికి నాలుగో కాలు పోయి మంచె కూడా పడింది.

ఆ నాలుగెకరాలకు పట్టా కావాలని ఆమె దరఖాస్తు పెట్టుకుని ఉంది. పోడు పట్టాల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. చట్టంలో ఒక తేదీ రాసి ఉంది. ఆ తేదీ నాటికే సాగులో ఉన్న అడవి భూమికి పట్టా ఇవ్వాలి. ఆ తర్వాత అడవి కొట్టి చేను చేసినవాళ్లకు లేదు. చెట్టు కూలేసరికి ఆ తేదీ దాటి పద్ధెనిమిదేళ్లయింది. పట్టా రానివాళ్ల చేల చుట్టూ వచ్చే ఏటి వానలకు ముందే కందకం తవ్వి, లోపల మొక్కలు నాటాలని మాకు పై నుంచి హుకుం. కందకం తవ్వాక ఆమె ఆ చేనులోకి అడుగు పెడితే కేసు రాయాల్సింది మళ్లీ నేనే.

మా రేంజి ఆఫీసరు సత్తుపల్లి వైపు మనిషి. పొలాలున్న కుటుంబం, మాట మెత్తన, ఆలోచన కత్తి. చెట్టు కూలిందని చెప్పగానే ఆయన కళ్లు మెరిశాయి.

"చెట్టు చేను మధ్యలో ఉంది కదయ్యా. దాని వయసు పద్ధెనిమిది దాటిందనుకో, ఆ తేదీ నాటికి అక్కడ చెట్టున్నట్టే. చెట్టుంటే అడవే. అడవైతే చేను అబద్ధమే. చెట్టు ముందా, చేను ముందా, అదొక్కటి తేల్చు. వెళ్లి లెక్కపెట్టుకుని రా."

ఒక్క చెట్టుతో అడవి తయారవుతుందని నాకప్పుడే తెలిసింది. మేము నాటిన వేల మొక్కలతో ఎందుకు తయారు కాలేదో మాత్రం అడగలేదు. మా ఆఫీసులో ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే పద్ధతి. నేను సుద్దముక్క జేబులో వేసుకుని బయల్దేరాను.

వెళ్లేసరికి అవ్వ కూలిన చెట్టు కొమ్మల మధ్య కూర్చుని, పడిపోయిన మంచె తాళ్లు విప్పి చుట్ట చుడుతోంది.

"ఏంది సారూ, కూలిన చెట్టుకు గూడ పంచనామా జేస్తరా?"

"సర్కారు చెట్టు అవ్వా. ఎట్ల కూలిందో రాయాలె."

"గాలికి కూలింది."

"గాలికని రాస్తే కాదు. జూసినోళ్లు కావాలె."

"గాలొచ్చినప్పుడు మేమందరం గుడిసెలల్ల ఉన్నం. చెట్టొక్కటే బయట ఉండె. దాన్నే అడుగు."

దాన్నే అడుగుదామని వచ్చానని ఆమెకు చెప్పలేదు. వెంట తెచ్చిన మనుషులతో మొదట్లో రంపం పెట్టించి, చపాతీ పీటంత బిళ్ల ఒకటి కోయించాను. నేను ఉలితో చదును చేసి సుద్ద రుద్దుతుంటే ఆమె వచ్చి పక్కన కూర్చుంది. ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఈడ ఎప్పటిదో టేకు మోడుండె సారూ. ఏటా పిలకలేస్తది. ఏటా కొడవలితోటి కోసేదాన్ని. మా ముసలాయన పోయిన ఏడు మంచె కాలొకటి చెదలు తిన్నది. కొత్త కర్ర ఎవరు నరుకుతరు, నరికితే మీరు ఊకుంటరా. గందుకే ఒక్క పిలకను ఉంచిన, పెరిగితే అదే కాలైతదని. పట్టాల చట్టమొచ్చిందని ఊళ్లె మొదటి మీటింగు పెట్టిండ్రు జూడు, ఆ ఏడే."

అంటే ఆమె లెక్కలో చేను ముందు, చెట్టు తర్వాత. నేను వినలేదనను. విన్నాను. గీతలు లెక్కపెడుతూ విన్నాను. పదో గీత దగ్గర ఒక గుండుసూది, ఇరవయ్యో గీత దగ్గర ఒక గుండుసూది. చివరికి ఇరవై మూడు తేలాయి.

"ఇరవై మూడేండ్ల చెట్టవ్వా ఇది" అన్నాను.

ఆమె బిళ్ల వైపు చూసింది. నడుమ భాగం మీద, అంటే చెట్టు చిన్నప్పటి కలప మీద వేలు పెట్టింది.

"పిలకప్పుడు దానికి తెల్వి లేకుండె సారూ. నడుమల వాన ఆగితే ఆకు రాల్చేది. మళ్ల పడితే మళ్ల చిగురేసేది. కొన్నేండ్లు గట్లనే, ఏడాదికి రెండుమార్లు. ఒక్క ఏడును రెండేండ్లు జేసుకున్నది. నువ్వు రెండూ లెక్కబెట్టినవ్."

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. వెంట వచ్చినవాళ్లు కూడా నవ్వారు, సారు నవ్వినప్పుడు నవ్వడం వాళ్ల డ్యూటీ. "చెట్టుకు తెల్వేంది అవ్వా" అని పంచనామాలో ఇరవై మూడు రాసి, కింద ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాను. ఆమె చెప్పిన ఒక్క ముక్క కూడా కాగితం మీద రాయలేదు. అందులో గడి లేదు కదా.

రేంజి ఆఫీసరు నా భుజం తట్టాడు. ఇంత శాస్త్రీయమైన నివేదిక ఈ రేంజి నుంచి ఎప్పుడూ వెళ్లలేదన్నాడు. 'శాస్త్రీయ' అన్న మాట నా ఉద్యోగంలో నా గురించి ఎవరూ వాడలేదు. వారం రోజులు ఆ మాట నెమరేసుకుంటూ తిరిగాను. బిళ్లను ఆఫీసుకు తెచ్చి నా బల్ల మీద పెట్టాను. మొదటి రెండు రోజులు సాక్ష్యంగా ఉంది. మూడో రోజు నుంచి దాని మీద చాయ్ గ్లాసులు పెట్టడం మొదలైంది.

రెండు నెలలకు అవ్వ చేతికి కాగితం వచ్చింది. దరఖాస్తును తిరస్కరించాలని ప్రతిపాదన ఉందనీ, చెప్పుకునేది ఉంటే భద్రాచలంలో విచారణ రోజున వచ్చి చెప్పుకోవచ్చనీ ఉంది అందులో. ఆమె ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. ఎవరితో చదివించుకుందో, నా దగ్గరికి మాత్రం చదవమని రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి బల్ల వైపే చూసింది.

"నా మంచె కాలు మీద చాయ్ తాగుతుండ్రా సారూ?"

గ్లాసు తీసి ఫైలు మీద పెట్టాను. ఆమె బస్సు టైమైందని వెళ్లిపోయింది. సిగ్గనిపించింది. సిగ్గు సాయంత్రం దాకా ఉండి తనంతట తానే పోయింది, మా ఆఫీసులో ఏ ఫిర్యాదైనా పోయినట్టే.

చలికాలంలో ఒక మేడం వచ్చింది. ఏదో పెద్ద చదువుల సంస్థలో పరిశోధకురాలు. చెట్ల వలయాల్లో పాతకాలపు వానలు చదువుతుందట. ఆమెకు తోడు వెళ్లమని నాకు డ్యూటీ పడింది. వలయాల సారును నేనే కదా. అవ్వ చేను పైనున్న గుట్ట మీద ముసలి టేకులున్నాయని అక్కడికే తీసుకెళ్లాను. మేడం దగ్గర ఒక బర్మా ఉంది, వడ్రంగులు చెక్కకు బెజ్జం వేసేలాంటిదే కానీ లోపల బోలు. దాన్ని చెట్టులోకి తిప్పితే చెట్టు చావకుండా లోపలి నుంచి పెన్సిలంత సన్నటి పుల్ల వస్తుంది, పుల్ల మీద గీతలన్నీ వరుసగా ఉంటాయి. ఆ తిప్పే పని శాస్త్రంలో భాగం కాదు గనుక నాకిచ్చింది.

ముసలి చెట్టు అంటే అంతా చెప్పేస్తుందని అనుకునేవాణ్ని. మొదటి రెండు చెట్లు లోపల బోలు. పైకి మహావృక్షాలు, లోపల చెదపురుగుల కాలనీ. మా శాఖలో పదోన్నతులు చూసినవాణ్ని కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. మూడో చెట్టు నుంచి నిండు పుల్ల వచ్చింది. బెరడు వైపు గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే గోరు దూరదు.

"పాపం, ఈ మధ్య అన్నీ కరువులేనా మేడం?" అని అడిగాను.

"కరువు కాదండీ, వయసు" అంది. "చిన్నప్పుడు చెట్టు ఎలాగూ లావుగా గీతలు వేస్తుంది, ముసలైతే ఎలాగూ సన్నగా వేస్తుంది. అది వాన గురించి చెప్పే మాట కాదు, వయసు గురించి చెప్పే మాట. ముందు వయసును పక్కకు తీసేస్తేనే వాన కనిపిస్తుంది."

గోదావరికి భద్రాచలంలో పెద్ద వరదొచ్చిన ఏడాది గీత లావుగా ఉంటుందని నేను ఉత్సాహపడ్డాను. ఆ ఏడు ఊరు ఊరంతా మునిగి, మేము పడవల్లో తిరిగాం. మేడం గీతలు లెక్కపెట్టి చూపించింది. అది మామూలు గీత. వరద ఎగువ వానలది, గుట్ట మీది చెట్టుకు గుట్ట మీద పడ్డ వానే తెలుసట. చెట్టు తనకు తెలిసింది తప్ప రాయదన్నమాట. ప్రభుత్వ ఉద్యోగానికి పనికిరాదు.

మధ్యాహ్నం సద్ది తింటూ, అంత కష్టపడి గుట్టలెక్కే బదులు కింద కుర్రచెట్లను తొలచొచ్చు కదా అని అడిగాను. నిజానికి నా మోకాళ్లు అడిగించాయి.

"కుర్రచెట్ల మాట నమ్మలేమండీ" అంది మేడం. "వేళ్లు పైపైనే ఉంటాయి. వానాకాలం మధ్యలో ఒక ఇరవై రోజులు వాన ఆగితే చాలు, సీజను అయిపోయిందనుకుని ఎదుగుదల ఆపేస్తాయి. మళ్లీ వాన పడితే కొత్త ఏడాది అనుకుని మళ్లీ మొదలుపెడతాయి. ఒకే ఏడాదిలో రెండు గీతలు. ఒకటి నిజంది, ఒకటి దొంగది. ముసలి చెట్టు వేళ్లు లోతుకు ఉంటాయి, ఆ ఇరవై రోజులు దానికి పట్టవు. తెలియనివాళ్లు కుర్రచెట్టును లెక్కపెడితే వయసు ఎక్కువ తేలుతుంది."

మొక్కై వంగనిది మానై వంగునా అని చిన్నప్పుడు బళ్లో వల్లె వేశాం. ఇక్కడేమో మొక్క ప్రతి చిన్నదానికీ వంగుతోంది, మాను దేనికీ వంగడం లేదు. గుట్ట మీంచి కిందికి చూస్తే అవ్వ చేను కనిపిస్తోంది. ఆమె పత్తి ఏరుతోంది. దానికి తెల్వి లేకుండె సారూ అని ఆమె అన్న మాటే, బర్మా ఒక్కటి ఎక్కువగా, మేడం నోటివెంట వచ్చింది. ఆ చదువుకు మేడంకు ఎన్నేళ్లు పట్టిందో తెలియదు. మేడం చెప్పినప్పుడు నాకు నవ్వు రాలేదు.

దిగి నేరుగా ఆఫీసుకు తీసుకొచ్చి బిళ్ల చూపించాను. దాని మీద చాయ్ గ్లాసుల ముద్రలు ఒకదాని మీద ఒకటి గుండ్రంగా పడి ఉన్నాయి.

"ఇవి కూడా లెక్కపెట్టారా?" అని అడిగింది మేడం.

గరుకు కాగితంతో నున్నగా అయ్యేదాకా రుద్ది, భూతద్దం పెట్టి కూర్చుంది. నిజం గీతకు అంచు కత్తితో కోసినట్టు ఉంటుందనీ, చుట్టూ పూర్తిగా తిరుగుతుందనీ నాకు చూపించింది. దొంగ గీత మసకగా మొదలై, సగం దూరం వెళ్లి కలపలో కలిసిపోతుంది. అలాంటివి ఆరు దొరికాయి. ఆరూ నడుమ భాగంలోనే, అవ్వ వేలు పెట్టిన చోటే. ఆ తర్వాత ముసలి టేకు పుల్లను బిళ్ల పక్కన పెట్టింది. రెండిట్లోనూ రెండు గట్టి కరువు ఏళ్లు సన్నగా కనిపిస్తున్నాయి. వాటి మధ్య ముసలి టేకులో ఐదు గీతలుంటే బిళ్లలో ఏడున్నాయి. రెండూ ఒకే గుట్ట వాన తాగిన చెట్లు. ఒకదానికి ఐదేళ్లు గడిస్తే ఇంకోదానికి ఏడేళ్లు గడవవు.

ఇరవై మూడులో ఆరు పోతే పదిహేడు. చేను ముందు, చెట్టు తర్వాత. మేడం తాను చూసినదంతా ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చి వెళ్లింది.

రేంజి ఆఫీసరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "మంచి విషయమేనయ్యా. కానీ ఫైలు వెళ్లిపోయింది. ఇప్పుడు కాదంటే నీకు మెమో వస్తుంది, నాకు తలనొప్పి వస్తుంది. ఆ ముసలమ్మకు నాలుగెకరాలు పోతే ఎక్కడో కూలికి పోతుందిలే" అన్నాడు. మెత్తగానే అన్నాడు.

నేను వెంటనే ధర్మం పక్షాన నిలబడ్డానని రాస్తే చదవడానికి బాగుంటుంది. నిలబడలేదు. పది రోజులు ఆ కాగితం సొరుగులో పెట్టుకుని కూర్చున్నాను. నాకు పదోన్నతి దగ్గర పడింది. ముసలి టేకులాగే నాకూ చిన్న చిన్న వాటికి చలనం లేకుండా పోయి చాలా ఏళ్లయింది. కానీ చాయ్ తాగుదామని గ్లాసు ఎత్తినప్పుడల్లా దాన్ని ఎక్కడ దించాలో తెలిసేది కాదు. ఆఖరికి చాయ్ మానేశాను. మా ఇంట్లోవాళ్లు ఒంట్లో బాగాలేదేమో, దవాఖానాకు పోదామన్నారు.

విచారణ రోజు బిళ్లను గోనెసంచిలో వేసుకుని భద్రాచలం బస్సెక్కాను. కండక్టరు సంచి ఏమిటని అడిగితే సాక్షి అన్నాను. సాక్షైతే సీట్ల కింద పెట్టమన్నాడు.

హాలు నిండా జనం. అవ్వ తన ఊరివాళ్లు నలుగురితో గోడ పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి తల తిప్పుకుంది. ఆమె వంతు వచ్చినప్పుడు, విచారణ చేసే అధికారి నా పాత నివేదిక చదివి, ఇంకేమైనా చెప్పేది ఉందా అని మర్యాదకు అడిగాడు. నేను లేచి, గోనెసంచి విప్పి, బిళ్లను ఆయన బల్ల మీద పెట్టాను. నేను తప్పు లెక్కపెట్టాను సార్ అన్నాను. మేడం రాసిన కాగితం ఇచ్చి, దొంగ గీతలు ఒక్కొక్కటే చూపించాను. భయపడుతూనే చూపించాను, పశ్చాత్తాపంతో అని చెప్పుకోను.

అధికారి బిళ్లను దగ్గరికి లాక్కుని చూసి అవ్వ వైపు తిరిగాడు. "నువ్వేమన్నా చెప్తావా అమ్మా?"

అవ్వ లేవలేదు. కూర్చున్న చోటి నుంచే చెప్పింది.

"నేను ఆనాడే జెప్పిన సారూ. ఈ సారు నవ్విండు."

"ఈమె చెప్పిందా?" అని నన్నడిగాడు.

"అవ్ సార్. చెప్పింది."

"మరి రాయలేదేం?"

రాయలేదు సార్ అన్నాను.

నాకు మెమో వచ్చింది. పదోన్నతి ఆగింది. రేంజి ఆఫీసరు నన్ను ఇప్పటికీ పలకరిస్తాడు, దూరం నుంచి. మరుసటి వానలకు ముందు కందకం తవ్వే యంత్రం ఆ గుట్ట కిందికి వచ్చి, అవ్వ చేను దాటి వెళ్లిపోయింది. నాలుగెకరాలకూ పట్టా కాగితం వచ్చింది.

హద్దురాళ్లు పాతించే పని మళ్లీ నాకే పడింది. రెండు వానలు పడ్డాక వెళ్లాను. పత్తి అప్పుడే మొలిచింది. కొత్త మంచె లేచింది. ఈసారి నాలుగు కాళ్లూ పాతిన కర్రలే. పక్కన, కూలిన టేకు మోడు నుంచి పిలకలు మోకాలెత్తు లేచి, వెడల్పాటి ఆకులతో నిగనిగలాడుతున్నాయి. వాటిలో బలమైనదాన్ని ఒకటి చూసి, మంచె కాలుకు పనికొస్తుంది కదా, దీన్ని ఉంచుకో అవ్వా అన్నాను. నా తరఫున అదో క్షమాపణ అనుకున్నాను.

ఆమె నడుముకు దోపుకున్న కొడవలి తీసింది. అడవి శాఖ మనిషి ఎదురుగా నిలబడి ఉండగానే, వంగి, ఒక్కొక్క పిలకనూ మొదలంటా కోసి పక్కన పడేసింది. టేకును అలా కోయడం నేరం, కేసు రాయాల్సింది నేను. తలతిప్పి గుట్ట వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె చివరిది కూడా కోసి, నడుము నిలబెట్టి, కొడవలిని కొంగుకు తుడుచుకుంది.

"ఏమన్న జూసినవా సారూ?"

"లేదవ్వా. ఏం జూడలే."

"అవ్" అంది. "నీకు జూసుడు ఎన్నడొచ్చింది గనుక."